దిష్టికి ఒకటి

మా మేనత్త లెక్కలో నేను చేసే పని కేన్సర్‌ని పెంచడం. ఎవరైనా ఇంటికి వచ్చి "మీ కోడలపిల్ల ఏటి సేస్తాది?" అని అడిగితే అలాగే చెబుతుంది. వచ్చినవాళ్లు నా వైపు ఒకసారి చూసి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, టీ తాగి వెళ్లిపోతారు. సరిదిద్దడానికి నేను నోరు తెరవను. కొత్తవాళ్లతో మాట్లాడటం నాకు రాదు. పైగా అత్త చెప్పింది నిజమే.

విజయనగరం దగ్గర ఒక కాలేజీలో నేను రీసెర్చ్ స్కాలర్‌ని. నోటి కేన్సర్ కణాలను ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టి, వేళకి తిండి మార్చి, మనిషి నోట్లో గడ్డ ఎలా కడతాయో ఇక్కడా అలా కట్టించాలి. తర్వాత ఆ గడ్డ మీద మందు వేసి ఏమవుతుందో చూడాలి. మామూలుగా కణాలు గిన్నె అడుగున అట్టులా పలచగా పరుచుకుంటాయి. అట్టు మీద నూనె వేసినట్టు మందు అన్నిటికీ అందుతుంది, అన్నీ చస్తాయి, అందరూ సంతోషిస్తారు. కానీ నోట్లో గడ్డ అట్టులా ఉండదు. ఉండలా ఉంటుంది. అట్టును ఉండగా మార్చడమే నా టాపిక్.

ఈ టాపిక్ ఎందుకు ఎంచుకున్నావని ఇంటర్వ్యూలో అడిగారు. "ఇంట్రెస్ట్ సర్" అన్నాను. మా వైపు ఆడవాళ్లు చాలామంది చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. మా అమ్మమ్మ అలా యాభై ఏళ్లు కాల్చింది. అంగిట్లో పుండు పడితే వేడి టీ తాగడం వల్ల అని చెప్పి రెండేళ్లు దాచింది. ఆసుపత్రిలో మందు ఎక్కించారు. మొదట్లో గడ్డ తగ్గింది. అందరం కొబ్బరికాయ కొట్టాం. నాలుగు నెలలకి మళ్లీ వచ్చింది. తగ్గింది ఎందుకు తిరిగి వచ్చిందని నేను ఎవరినీ అడగలేదు. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, డాక్టర్లంటే భయం. ఇదంతా ఇంటర్వ్యూలో చెప్పడానికి చాలా వాక్యాలు కావాలి. నా దగ్గర అప్పుడు రెండు మాటలే ఉన్నాయి.

మా డిపార్ట్‌మెంట్లో నిలబడని టాపిక్‌లన్నీ చివరికి ఆకుల్లోకి వెళ్తాయి. ఒక సీనియర్ అక్క రక్తకణాల మీద మొదలుపెట్టి కానుగ ఆకులో తేలింది. ఇంకొకాయన నరాల మీద మొదలుపెట్టాడు, ఇప్పుడు తంగేడు ఎండబెడుతున్నాడు. ఆకు తెచ్చి, నీడన ఆరబెట్టి, పొడి చేసి, రసం తీసి, సూక్ష్మజీవుల మీద వేస్తే ఏదో ఒకటి వస్తుంది. పట్టా వస్తుంది. అందులో అవమానం ఏమీ లేదు. కానీ మా అమ్మమ్మకి ఆకు జబ్బు రాలేదు.

ఆరు నెలలకోసారి కమిటీ ముందు కూర్చోవాలి. కిందటి రివ్యూలో నా ఉండలు ఒకటి ఆవగింజంత, ఒకటి నువ్వుగింజంత, ఒకటి రెండు కలిసి వేరుశెనక్కాయలా ఉన్నాయి. సైజు ఒకటి కాకపోతే మందు పనిచేసిందో సైజు పనిచేసిందో తెలియదన్నారు. వచ్చే రివ్యూకి కూడా నిలబడకపోతే టాపిక్ మార్చాలని రాశారు. బయటికి వచ్చాక మా గైడ్ మేడమ్ ఒక చిన్న చీటీ మీద "నేల ఉసిరి" అని రాసి నా ఫైలుకి గుండుసూదితో గుచ్చింది.

"బెదిరించడానికి కాదు. ముందే అనుకుని ఉంచుకుంటే తర్వాత టైమ్ వేస్ట్ అవదు" అంది.

మేడమ్ ఎప్పుడూ బెదిరించదు. అందుకే నాకు భయం వేసింది.

ఉండలన్నీ ఒకే సైజులో రావాలంటే అచ్చు కావాలి. మిఠాయిలకి వాడే చైనాగ్రాస్‌కి దగ్గరి చుట్టం లాంటి జెల్లీ ఒకటుంది. దానిలో చిన్న చిన్న గుంతలు పడేలా పోసి, కణాలు కలిపిన నీళ్లు పైన వదిలితే, ఏ గుంతలో పడ్డ కణాలు ఆ గుంతలో చేరి ఉండ కడతాయి. జెల్లీకి కణాలు అంటుకోవు కాబట్టి వాటికి ఒకదాన్నొకటి పట్టుకోవడం తప్ప వేరే దారి ఉండదు. గుంతలన్నీ ఒకేలా ఉంటే ఉండలూ ఒకేలా ఉంటాయి. ఆ గుంతల అచ్చు మా కాలేజీ త్రీడీ ప్రింటర్‌లో తీయాలి. ఆ ప్రింటర్‌కి ఒక ముక్క పోయింది. ముక్క వస్తోందని చెప్పి అప్పటికి ఏడాది.

"మీ ఊళ్లలో మంచి కంసాలి ఎవరైనా తెలుసా?" అని మేడమ్ ల్యాబులో అందరినీ అడిగింది. నేను మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా "మా మావ ఉన్నాడు మేడమ్" అన్నాను. ఆ ల్యాబులో నన్ను పేరుపెట్టి అడగకుండా నేను మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత డైరీలో చూస్తే తెలిసింది.

మావ కంసాలి కాదు. బొబ్బిలి పక్కన ఊళ్లో వీణలు చేస్తాడు. పనస దుంగ తొలిచి కుండ చేయడం దగ్గర్నుంచి, మైనం మీద ఇత్తడి మెట్లు నిలబెట్టడం వరకు అన్నీ ఆయనే. తీగలు ఆనే గుర్రం మీద ఒక లోహపు రేకు ఉంటుంది. దాన్ని ఆకురాయితో ఒకసారి రుద్ది, తీగ మీటి విని, మళ్లీ ఒకసారి రుద్దుతాడు. ఎంత అరగదీయాలో కొలిచే పరికరం ఏదీ ఆయన దగ్గర లేదు, చెవి తప్ప.

ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్లాను. మావ అరుగు మీద ఒక వీణకి మెట్లు పెడుతున్నాడు. పక్కనే గడప మీద అత్త, నోట్లో చుట్ట, నిప్పు లోపలికి. మేడమ్ గీసిన బొమ్మ చూపించాను. చదరపు పలక, అటు తొమ్మిది ఇటు తొమ్మిది గుంతలు.

"ఇదేటే, ఎక్కాల పలకా?" అన్నాడు మావ.

"ఇత్తడి రేకు మీద ఇలాగ గుంతలు కావాల మావా. అన్నీ ఒక్కలాగే ఉండాల. అడుగు గుండ్రంగా ఉండాల."

"ఎంతేసి?"

"ఒక మిల్లీమీటరు."

"ఆ మిల్లీమీటర్లు నాకు సెప్పకు. దేనంత?"

ఆలోచించాను. "ఆవగింజంత."

"సన్నావా, పెద్దావా?"

ఈ ప్రశ్న నేను చదివిన ఏ పేపర్లోనూ లేదు. అత్త లేచి వెళ్లి పోపుల డబ్బా తెచ్చింది. పెద్దావాలూ సన్నావాలూ అరచేతిలో పోసి చూపించింది. నేను సన్నావ ఒకటి వేలి కొనకి అంటించి మావకి ఇచ్చాను. దాన్ని ఆయన చాలాసేపు చూశాడు.

"ఇందులో ఏటి పెడతారు?"

"కేన్సర్" అంది అత్త, చుట్ట తీయకుండా. చుట్ట తీయకుండా మాట్లాడటం మా వైపు ఆడవాళ్లందరికీ వచ్చు. "కోడలు పెంచుతాది. నేను పీలుస్తాను. ఇద్దరిదీ ఒకటే డిపార్ట్‌మెంటు."

మావ నవ్వలేదు. "ఎనభై ఒకటీ ఒక్కలాగేనా?" అని మళ్లీ అడిగాడు.

"ఒక్కలాగే."

"సరే. పై ఆదివారం రా."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా ఇంట్లో మావ చేసిన వీణ ఒకటుంది. అమ్మ రెండేళ్లు నేర్చుకుని వదిలేసింది. దాని కుండ అంచు చుట్టూ తెల్లటి పువ్వుల వరస ఉంటుంది. అన్ని పువ్వులూ ఒకేలా ఉంటాయి, ఒక్కటి తప్ప. అది మిగతావాటికంటే లావు. ఏడేళ్లప్పుడు అది తప్పు పోయిందని మావకి చెప్పాను. "తప్పు కాదే, దిష్టికి" అన్నాడు. అంతా బాగున్న వస్తువు మీద జనం కళ్లు పడతాయి, అందుకని చేసినవాడే ఒకటి తేడాగా వదిలేయాలి, పసిపిల్ల బుగ్గ మీద నల్లచుక్క పెట్టినట్టు. మావ వాళ్ల నాన్న కూడా అలాగే చేసేవాడు. ఆ లావు పువ్వు మీద వేలు పెట్టుకుని నేను ఎన్నో పుస్తకాలు చదివాను. వీణ పక్కన గోడకి ఆనుకుంటే ఇంట్లో ఎవరికీ కనబడను.

ఇంత తెలిసి కూడా నాకు తట్టలేదు.

పై ఆదివారం మావ పలకని పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఇత్తడి మెరుస్తోంది. "వేలెట్టి సూడు" అన్నాడు. మొదటి వరస మీద, రెండో వరస మీద వేలు నడిపించాను. అన్నీ ఒకటే. మూడో వరసకి బస్సు హారన్ వినబడింది.

ల్యాబులో పలక మీద సిలికాన్ రబ్బరు పోశాం. గట్టిపడ్డాక ఊడదీస్తే గుంతలున్న చోట బొడిపెలు వచ్చాయి. ఆ బొడిపెల మీద జెల్లీ పోస్తే మళ్లీ గుంతలు. కడిగి, శుద్ధి చేసి, కణాలు వదిలి, మూడు రోజులు ఆగాను. ఆగేటప్పుడు చేయడానికి ఏమీ ఉండదు. ప్రోటోకాల్ ఫైలు మధ్యలో నవల పెట్టుకుని చదువుతాను. ఫైలు లావుగా ఉందని, బాగా కష్టపడుతున్నానని ల్యాబులో పేరుంది.

మూడో రోజు మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రంగా, నున్నగా, ఒకే సైజులో, వరసగా. ఎనిమిది వరసలు చూశాను. తొమ్మిదో వరస చివర, మూలన, ఒకటి మిగతావాటికి రెండింతలు ఉంది.

అప్పుడు తట్టింది. కారిడార్‌లోకి వెళ్లి ఫోన్ చేశాను.

"మావా, మూలది పెద్దగా ఉన్నాది."

"ఆ. అది దిష్టికి. పెద్దావంత కొట్టాను."

"అన్నీ ఒక్కలాగే ఉండాలన్నాను కదా."

"ఉన్నాయి కదే. అది లెక్కలోది కాదు. ఎనభై నీవి. ఒకటి దిష్టిది." తర్వాత కొంచెం ఆగి, "ఏటి, పనికి రాదా?" అన్నాడు.

ఆయన గొంతులో ఆ ప్రశ్న నేను అంతకుముందు వినలేదు. ఎనభై ఒక్క గుంతలు చేత్తో కొట్టడానికి వారం రోజులు పట్టిందని, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకున్నాడని అత్త తర్వాత చెప్పింది.

"వస్తాది మావా. బాగుంది" అన్నాను.

నాకు రెండు నోటుపుస్తకాలున్నాయి. ఒకటి ల్యాబుది. దానికి పేజీ నంబర్లు, ప్రతి పేజీ కింద మేడమ్ సంతకం ఉంటాయి. దాంట్లో విశేషణాలు రాయకూడదు. రెండోది నా డైరీ. దాంట్లో కూడా పెద్దగా ఉండవు. ఆ రోజు డైరీలో "మావకి చెప్పలేకపోయాను" అని రాశాను. ల్యాబు పుస్తకంలో గుంతలన్నిటికీ నంబర్లు వేసి, చివరిదాని పక్కన పేరు రాయాల్సి వస్తే "దిష్టి" అని తెలుగులో రాశాను. మిగతా పేజీ అంతా ఇంగ్లిషు. ఆ మాటకి ఇంగ్లిషు నాకు తోచలేదు.

మేడమ్ ఫోటో చూసి "ఎనభై సూపర్‌గా ఉన్నాయి. ఆ ఒక్కటీ అచ్చు తేడా. లెక్కలోంచి తీసెయ్, స్లైడు కింద రాసెయ్" అంది. అది న్యాయమే. అచ్చు తప్పుని ఫలితంలో కలపకూడదు. కలపలేదని చెప్పాలి, చెప్పాను. అడుగున చిన్న అక్షరాల్లో.

ఉండలకి మందు వేశాను. అమ్మమ్మకి ఎక్కించిన మందే అది. రెండు రోజులుంచి, కడిగి, రంగు వేశాను. బతికిన కణం ఆకుపచ్చగా, చచ్చింది ఎర్రగా కనబడే రంగు. ఎనభై ఉండలూ ఎర్రగా వెలిగాయి. మూలది మాత్రం చుట్టూ ఎర్ర అంచు, లోపల ఆకుపచ్చ వలయం, నట్టనడుమ మళ్లీ ఎరుపు. రంగు వేయని ఇంకో పలకలో మందు కడిగేసి వారం రోజులు ఉంచాను. ఎనభై పొడిపొడిగా రాలిపోయాయి. మూలది మొదట చిక్కింది. తర్వాత మళ్లీ పెరిగింది.

ఇంకో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

ఎందుకో నాకు అర్థమైంది. పెద్ద ఉండలో బయటి వరస తింటుంది, పెరుగుతుంది. లోపలివాటికి తిండీ గాలీ సరిగా అందవు. అవి చావవు, పెరగవు, ఒదిగి కూర్చుంటాయి. ఇంకా లోపలివి చచ్చిపోతాయి. మా మందు పెరిగే కణాన్ని పట్టుకుని చంపుతుంది. ఒదిగి కూర్చున్నదాన్ని చూడదు. మందు వెళ్లిపోయి, బయటివి రాలిపోయాక, ఒదిగినదానికి తిండి అందుతుంది. లేస్తుంది. ఒదిగి కూర్చుంటే ఎవరికీ కనబడమన్న సంగతి నాకు వీణ పక్కన కూర్చున్నప్పటి నుంచి తెలుసు.

ఇది మేడమ్‌కి చెబుదామని రెండుసార్లు ఆమె గది దాకా వెళ్లాను. మొదటిసారి లోపల ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు, అందుకని వెనక్కి వచ్చేశాను. మూడోసారికి రివ్యూ వచ్చేసింది.

కమిటీలో ముగ్గురు. మా మేడమ్, డిపార్ట్‌మెంట్ హెడ్, విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక డాక్టరు గారు. ఆయన నోటి కేన్సర్లు కోసే సర్జన్. కోటబొమ్మాళి వైపు మనిషి. కోటు వేసుకుని ఇంగ్లిషులో మొదలుపెడతారు, కొంచెంసేపటికి ఇంగ్లిషు వదిలేస్తారు. టేబుల్ మీద నా ఫైలు, దాని మీద గుండుసూదితో నేల ఉసిరి.

స్లైడులు చూపించాను. స్లైడు మీద ఉన్నదే చదివాను. ఎనభై ఉండలు, ఒకే సైజు. మందు వేశాం. ఎనభై చచ్చాయి. హెడ్ గారు తల ఊపారు. మేడమ్ గుండుసూది వైపు చూసింది, తీయొచ్చా అన్నట్టు.

డాక్టరు గారు తల ఊపలేదు. "అమ్మా, బాగా సేసేవు. ఒకటి అడుగుతాను, ఏటీ అనుకోకు. ఎనభైకి ఎనభై సచ్చిపోయాయా?"

"అవును సర్."

"నా దగ్గరికి ఇంత బుద్ధిమంతురాలైన గడ్డ ఒక్కటీ రాలేదు. వస్తే నేను కత్తి పట్టుకోవడం ఎందుకు, ఇంటికాడే కూకుందును. గిన్నె అడుగున పరిసినా సస్తాయి, నువ్వు ఉండ కట్టినా సస్తాయి. మరి ఉండ కట్టడం ఎందుకు?"

సమాధానం ఉంది, కానీ అది స్లైడు మీద లేదు. హెడ్ గారు మేడమ్ వైపు తిరిగి, "అయితే ఆ రెండో టాపిక్ చూద్దామా, ఏదో చీటీలో ఉందిగా" అన్నారు. మేడమ్ "నేల ఉసిరి సర్" అంది. హెడ్ గారు పెన్ను మూత తీశారు.

ఆ మూత తీసిన చప్పుడు నాకు బాగా గుర్తుంది. నేను నేల ఉసిరి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. కాలేజీ వెనక బాగానే మొలుస్తుంది. నడుం వంచి ఏరుకోవాలి.

ఈలోగా డాక్టరు గారు ఊరికే కూర్చోలేక నా ల్యాబు పుస్తకం తిరగేస్తున్నారు. ఒక పేజీ దగ్గర ఆగారు. మళ్లీ ముందుకీ వెనక్కీ తిప్పారు.

"ఇదేటమ్మా?"

దగ్గరికి వెళ్లి చూశాను. ఆయన వేలు "దిష్టి" మీద ఉంది.

"అది... అచ్చు తేడా సర్. లెక్కలో వేయలేదు. స్లైడులో రాశాను."

"అచ్చు సంగతి కాదు. నాలుగుసార్లు సేసేవు, నాలుగుసార్లూ దీని పక్కన 'అలైవ్' అని రాసేవు. సావలేదా ఇది?"

"చావలేదు సర్. పెరిగింది."

"ఏటి, మందేశాక పెరిగిందా?"

హెడ్ గారు పెన్ను పట్టుకునే ఉన్నారు. నేను మేడమ్ వైపు చూశాను. ఆమె 'ఎందుకు చెప్పలేదు' అన్నట్టు చూసింది. ఇక్కడ ఆగిపోతే పెన్ను రాసేస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదటి నుంచి మొదలుపెట్టాను.

"మా మావ వీణలు చేస్తాడు సర్."

ముగ్గురూ నా వైపు చూశారు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేని వాక్యం అది. కాబట్టి కొనసాగించాను. లావు పువ్వు గురించి చెప్పాను. సన్నావ, పెద్దావ గురించి చెప్పాను. బస్సు హారన్ గురించి కూడా చెప్పాను, అనవసరం. తర్వాత లోపలి వలయం గురించి, ఒదిగి కూర్చున్న కణాల గురించి చెప్పాను. మందు కడిగేశాక అవి లేస్తాయని చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. మధ్యలో నా గొంతు నాకే వినబడి ఎవరిదో అనుకున్నాను. చివర్లో ఫోన్‌లో ఉన్న ఫోటో చూపించాను. ఎర్ర అంచు, ఆకుపచ్చ వలయం, నడుమ ఎరుపు.

డాక్టరు గారు కళ్లజోడు తీసి ఫోటో దగ్గరగా చూశారు. "తగ్గుతాది. కొబ్బరికాయ కొడతారు. నాలుగైదు నెలలకి మళ్లీ వస్తారు" అన్నారు. ఆయన మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. "నా దగ్గరికి వచ్చేది ఇదమ్మా. ఆ ఎనభై కాదు."

"కానీ సర్, ఒక్కటే కదా ఉంది" అన్నారు హెడ్ గారు.

"ఒక్కటే. అందుకే ఇంకా నమ్మడానికి లేదు. ఎనభై ఇలాటివి సెయ్యమనండి. అవీ ఇలాగే మొండికేస్తే అప్పుడు టాపిక్కు. వెయ్యకపోతే మీ ఉసిరి ఎక్కడికీ పోదు."

హెడ్ గారు రాశారు. రాస్తూ ఆగి, "ఆ 'దిష్టి' అన్న మాట మినిట్స్‌లో ఏమని రాయను?" అన్నారు. చివరికి "ఆఫ్-సైజ్ వెల్" అని రాసుకున్నారు. చీటీ ఫైలు మీదే ఉంది.

ఆ ఆదివారం మళ్లీ బొబ్బిలి బస్సెక్కాను. ఈసారి చెప్పాల్సింది దారిలో డైరీలో రాసుకున్నాను. మూడు వాక్యాలు. ఒకటి, అన్నీ పెద్దావంత కావాలి. రెండు, అన్నీ అంటే ఎనభై ఒకటీ. మూడు, దిష్టి వద్దు. మూడో వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాశాను.

మావ విన్నాడు. మొదటి రెండింటికీ తల ఊపాడు.

"మరి దిష్టికేటి?"

"వద్దు మావా. అన్నీ ఒక్కలాగే ఉండాల."

"అలగెలాగే? అంత బాగున్న వస్తువు ఎవులూ సెయ్యరు. మా నాన్న సెయ్యలేదు."

"కమిటీ ఒప్పుకోదు మావా."

"కమిటీ గుంతలు కొడతాదా?"

కొట్టదని ఒప్పుకున్నాను. అత్త గడప మీంచి, "దాని సదువు ఉండాలో పోవాలో దీని మీద ఉన్నాదంట, సేసీరాదా" అంది. మావ చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. "మనసు సరే అంటాది. ఇవి ఒప్పుకోవు. ఎనభై కొట్టేక ఆకరిదాని కాడ అవే మారిపోతాయి" అన్నాడు. అది మొండితనం కాదు. ఆయనకి నిజంగానే బెంగగా ఉంది. మొదటి పలకకి దిష్టి పెట్టాడు కాబట్టే నా చదువు ఇంకా ఉందని ఆయన లెక్క. అది తప్పని నిరూపించడానికి నా దగ్గర డేటా లేదు.

కొత్త వీణకి ఒక మెట్టు మైనంలో సగం దిగి ఉంది. అప్పుడు ఒక సంగతి తట్టింది. ప్రతి పలకలోనూ పాత సైజుది ఒకటి పక్కనే ఉంటే, మందు మంచిదేనా, ఆ రోజు పని చేసిందా అని చూసుకోవడానికి పనికొస్తుంది. అది చావాలి, మిగతావి చావకూడదు. అలాంటిది ఒకటి విడిగా పెట్టమని మేడమ్ ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది.

"మావా, దిష్టిది చిన్నదైతే?"

"సిన్నదా?"

"ఎనభై పెద్దావంత. మూలది సన్నావంత."

ఆయన ఆలోచించాడు. వాళ్ల నాన్న ఎప్పుడైనా చిన్నది పెట్టాడా అని గుర్తు చేసుకుంటున్నట్టుంది. "తేడా ఉంటే సాలు" అన్నాడు చివరికి. "పెద్దదైతేనేటి, సిన్నదైతేనేటి."

అత్త పోపుల డబ్బా తెచ్చింది. గింజలు ఏరుతూ, "నా నోట్లో ఉంటే ఏ సైజుది ఉంటాదే కోడలా?" అంది. సరదాకే అంది. నేను ఫోన్ లైటు వేసి, "నోరు తెరు అత్తా" అన్నాను. ఆమె చుట్ట తీసి తెరిచింది. అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్రటి చుక్కలతో ఉంది. అడ్డపొగ కాల్చే వాళ్లందరికీ అలాగే ఉంటుందని చదివాను. అంతకంటే చెప్పడానికి నేను డాక్టర్ని కాను. "గురువారం నాతో విశాఖపట్నం వస్తావు. అక్కడొక డాక్టరు గారున్నారు, మన వైపు మనిషే" అన్నాను. అడగలేదు, చెప్పాను. అత్త మావ వైపు చూసి, "ఇది ఎప్పటినుంచే ఇలగ మాటాడతన్నాది?" అంది. గురువారం అత్త నాతో వచ్చింది. చూశారు, భయం లేదన్నారు, చుట్ట మానమన్నారు. ఇప్పుడు సగం మానేసింది. అంటే మా ముందు మానేసింది.

కొత్త పలక వచ్చాక ఈసారి వేలు ముందు మూలకే పెట్టాను. అక్కడ చిన్నగా ఉంది.

తర్వాతి రివ్యూకి ఆరు పలకలు చేసి తీసుకెళ్లాను. ప్రతిదాంట్లోనూ పెద్దవి మొండికేశాయి, రెండు మూడు తప్ప. ఆ రెండు మూడూ ఎందుకు లొంగిపోయాయో తెలియదని స్లైడు మీద పెద్ద అక్షరాల్లో రాశాను. చిన్నది ప్రతిసారీ చచ్చింది. డాక్టరు గారు అడగకముందే పాయింటర్ మూలకి తిప్పి, "ఇది దిష్టికి సర్" అన్నాను. ఆయన "తెలుసు" అన్నారు. హెడ్ గారు సంతకం పెట్టారు. మేడమ్ నా ఫైలు తీసుకుని గుండుసూది లాగి, చీటీ నా చేతికిచ్చింది. "పారేయకు. ఎవరికైనా పనికొస్తుంది" అంది. అది ఇప్పుడు డైరీలో ఉంది, ఈ పేజీలోనే.

బయటికి వచ్చి మావకి ఫోన్ చేశాను.

"ఉన్నాదా, పోయిందా?" అన్నాడు. నా టాపిక్ గురించే.

"ఉన్నాది మావా."

"మరి మూలనున్న సిన్నదో?"

"చచ్చిపోయింది."

"ఊఁ" అన్నాడు. వెనకాల ఆకురాయి చప్పుడు మళ్లీ మొదలైంది. "దాని పని అదే కదే."